రెండో సిలిండర్

హీటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, వచ్చేది మాత్రం చల్లగాలి. లోపల ఎక్కడో టిక్కు టిక్కుమంటూ మూడుసార్లు నిప్పు రాజేయబోయింది, అంటుకోలేదు, ఫ్యాన్ ఇంకాసేపు వృథాగా తిరిగి ఆగిపోయింది. అయితే ఎడమ సిలిండర్ అయిపోయిందన్నమాట, అనుకుంది ఆర్డిస్ రెండు దుప్పట్ల కింద కళ్ళు తెరవకుండానే. నిన్న సాయంత్రం కెటిల్‌లో నీళ్ళు కాచి దాని ఒంటి మీద పోసి చేత్తో తడిమి చూసింది. గ్యాస్ ఉన్నంత మేరా ఇనుము చల్లగా ఉంటుంది, లేనిచోట వెచ్చబడుతుంది. అడుగుదాకా వెచ్చగానే తగిలింది. తెల్లవారేదాకా వస్తే గొప్పే అనుకుంది, తెల్లవారేదాకా వచ్చింది. కిటికీ తెర అంచున ఎడారి బూడిదరంగులోంచి లేత గులాబీలోకి తేలుతోంది. వాగు అవతల ఎక్కడో అడవి గాడిద ఒకటి గొంతు చించుకుంది. ఎవరి జనరేటరూ ఇంకా మొదలవలేదు, ఆరు కొట్టేదాకా మొదలుపెట్టకూడదని రూలు. లేచి కోటు తొడుక్కుని బయటికెళ్ళి, చలికాలపు ఇల్లయిన ట్రెయిలర్ ముందు భాగంలో ఉన్న ప్లాస్టిక్ మూత ఎత్తి, కుడి సిలిండర్ చక్రం తెరిచి, బాణం అటు తిప్పి వస్తే రెండు నిమిషాల పని. ఒకప్పుడు నార్త్ డకోటా మంచు ముసురులో, చేతికి తొడుగు లేకుండా, కళ్ళు మూసుకుని చేసిన పని. కానీ ఆర్డిస్ లేవలేదు. ఏడు చలికాలాలుగా లేవడం లేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి, చెవి ఒకటి దుప్పటి బయట పెట్టుకుని, కంకర మీద అడుగుల చప్పుడు కోసం కాచుకుని పడుకుంది.

ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. వెండెల్ బంగాళదుంపలకి పేరుపడ్డ ఐడహోలో పొలాలకు నీళ్ళు తోడే పంపులు బాగుచేసేవాడు, ఏనాడో పంపు ఒకటి మోకాలి మీద పడింది, అప్పటి నుంచి ఆ కాలు కంకరని పలకరిస్తూ నడుస్తుంది. అతని ట్రెయిలర్ వాగుకి అవతలి గట్టున, ఆమెది ఇవతల, మధ్యలో నిలువెత్తు జెముడు మొక్కలు నాలుగు. ఇన్నేళ్ళూ అక్టోబరు ఆఖర్లో చలికాలం గడపడానికి ఎవరు ముందొస్తే వాళ్ళు రెండోవాళ్ళ చోటు పోకుండా అక్కడ ఒక కుర్చీ వేసి ఉంచేవారు. ఈ మధ్య అతను ఇంకా పెందలాడే వస్తున్నాడు. మునుపు ఏడింటికి వచ్చేవాడు, ఈ పది పన్నెండు రోజులుగా ఆరు కాకముందే, ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే వచ్చి తలుపు దగ్గర గొంతు సవరించుకుంటున్నాడు. కాఫీ కప్పుని రెండు చేతులా పొదివి పట్టుకుని, కోటు కూడా విప్పకుండా, టేబుల్ దగ్గర ఎనిమిదింటిదాకా కూర్చుంటున్నాడు. ఎందుకొస్తున్నాడో ఆమె అడగలేదు. అడిగితే ఆ రాక చెదిరిపోతుందేమోనని భయం. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అద్దంలో చూసుకుని జుట్టు సరిచేసుకోవడం మొదలుపెట్టింది, ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఈ వయసులో ఏమిటే ఇది అని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే పొద్దున నాలుగింటికి మెలకువ తెచ్చుకుంది.

తనకి ఈ పని రాదని ఆ మొదటిసారి అన్నది, అబద్ధం చెబుదామని చెప్పింది కాదు. భర్త హార్లాన్ పోయిన మరుసటి చలికాలం అది. నార్త్ డకోటాలోని మైనాట్ నుంచి ఒక్కతే ట్రెయిలర్ లాక్కుంటూ నాలుగు రోజులు నడిపి, హార్లాన్‌తో కలిసి ఎప్పుడూ వెళ్ళిన చోటికి వెళ్ళలేక, ఈ వాగు పక్కన ఎవరూ ఎరగని చోట ఆపుకుంది. రెండు వారాలకి సిలిండర్ అయిపోయింది. అయిపోవచ్చే సిలిండర్‌లో వాసన ఎక్కువ. గ్యాస్‌కి దానికదిగా ఏ వాసనా లేదు, కారితే మనిషికి తెలియాలని కలుపుతారు, కుళ్ళిన గుడ్డూ ఉడికిన క్యాబేజీ కలిసినట్టుండే ఆ వాసన, ముప్పై ఒక్క ఏళ్ళపాటు హార్లాన్ కోటుకీ టోపీకీ మెడ వెనక జుట్టుకీ పట్టి ఇంట్లోకి వచ్చిన వాసన. పల్లెటూళ్ళ పొలాల్లో ఇళ్ళకి గ్యాస్ లారీ నడిపేవాడు హార్లాన్. మూత ఎత్తగానే అది ముక్కుకి తగిలింది, అంతే, నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందో. వెనక నుంచి ఎవరో మగమనిషి, అప్పటికి పేరు తెలియని వెండెల్, "ఏవండీ, ఎటు తిప్పాలో తెలియట్లేదా? నన్ను చూడనివ్వండి," అన్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ముక్కూ మొహం తెలియని మనిషికి, ఇది మా ఆయన వాసనండీ అని ఎలా చెబుతుంది? "తెలియట్లేదండీ," అంది. ఒక్క మాట. ఆ మాటని వెనక్కి తీసుకునే రోజు మర్నాడు వచ్చింది, మరుసటి వారం వచ్చింది, మరుసటి ఏడాదీ వచ్చింది. ఒక్కొక్క రోజునీ ఆమె పోనిచ్చింది.

ఎందుకంటే అతను చెప్పే తీరు అలాంటిది. కిందకి వంగి, మోకాలు మూలుగుతుంటే ఒక చేయి ట్రెయిలర్‌కి ఆనించి, "ఇదిగో, ఇవి రెండు ఆవులనుకో," అని మొదలుపెట్టేవాడు. "మధ్యలో ఉన్న ఈ రెగ్యులేటర్ పాలు పితికేవాడు. ఈ బాణం ఎటుంటే ఆ ఆవుని ముందు పితుకుతాడు. అది ఒట్టిపోయిందనుకో, నిన్ను లేపడు, అడగడు, చప్పుడు చేయకుండా రెండోదాని దగ్గరికి పోతాడు. నీకెలా తెలియాలి? ఈ చిన్న గాజుబిళ్ళ ఉందే, ఇది అప్పటిదాకా ఆకుపచ్చగా ఉన్నది ఎర్రగా తిరుగుతుంది. ఎరుపు చూసినవాడు తెలివైనవాడు, బాణం రెండోవైపు తిప్పి, ఒట్టిపోయినదాన్ని విప్పి నింపించుకొస్తాడు. చూడనివాడికి రెండూ ఒట్టిపోతాయి, అర్ధరాత్రి గడ్డకడతాడు. నీలాంటి మతిమరుపు మనిషి రెండోదాన్ని మూసే ఉంచుకోవడం మేలు. మొదటిది అయిపోతే హీటర్ ఆగుతుంది, లేచి తెరుచుకుంటావు." అతను చెప్పినట్టే రెండోదాన్ని మూసే ఉంచింది ఆర్డిస్. హీటర్ ఆగితే అతను వస్తాడు కదా. మూడు వారాలకోసారి, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె అడగని తెలివితక్కువ ప్రశ్న లేదు. బాణం మధ్యలో పెడితే ఏమవుతుంది, చక్రం గబుక్కున తెరిస్తే ఏమవుతుంది, సబ్బునీళ్ళు ఎందుకు పూస్తారు. అన్నిటికీ జవాబులు తెలిసి అడగడం ఎంత కష్టమో, జవాబు వచ్చాక ఆశ్చర్యపోవడం అంతకంటే కష్టం. అవతలి గట్టున వెండెల్ పక్క ట్రెయిలర్‌లో ఉండే కర్టిస్ ఒకసారి బీరు చేతిలో పట్టుకుని, "ఏడేళ్ళ నుంచి అదే క్లాసు, ఈ పిల్ల ఎప్పుడు పాసవుతుంది మాస్టారూ?" అన్నాడు. "మొద్దు బుర్ర, ఏం చేయను," అన్నాడు వెండెల్. ఆ మాటకి ఆమె చెవులదాకా వెచ్చబడింది, చలిలో.

హార్లాన్ ఉంటే నవ్వి చచ్చేవాడు. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. మీ ఆయన ఏం చేసేవాడని మొదటి ఏడాదే అడిగాడు వెండెల్. "లారీ నడిపేవాడు," అంది, అది అబద్ధం కాదు, లారీలో ఏముందో చెప్పలేదు. ఆ లారీలో ఆమె పక్క సీట్లో కూర్చుని ఎన్ని చలికాలాలు తిరిగింది! బడి వంటింట్లో పని లేని శనివారాల్లో, తెల్లటి రోడ్డు తెల్లటి ఆకాశంలో కలిసిపోయే చోట్ల తిరిగింది. ఎవరి ఇంట్లో పసిబిడ్డ ఉందో ఎవరి ఇంట్లో ముసలమ్మ ఉందో హార్లాన్‌కి కంఠతా వచ్చు, వాళ్ళ ట్యాంకులు ముందు నింపేవాడు. గొట్టం బిగించడం, వాసన పట్టడం, గ్యాస్ తగిలితే చేయి ఎలా కాలినట్టు గడ్డకడుతుందో, కారితే ముందు ఏం చేయాలో, అన్నీ అతని చేతి కింద నేర్చుకుంది. "నువ్వు పుట్టుకతో గ్యాస్ మనిషివే," అనేవాడు, అది అతని దృష్టిలో ముద్దు మాట. ఆ మనిషిని ఏడేళ్ళుగా ఒక చిన్న మాట వెనక దాచి ఉంచింది. ఇంకో మగమనిషి ఇరవై నిమిషాలు పక్కన వంగుంటాడని. చనిపోయినవాళ్ళు ఇలాంటివి పట్టించుకుంటారో లేదో. హార్లాన్ పట్టించుకోడు. పట్టించుకోడనే ఎక్కువ సిగ్గు.

నిన్న మధ్యాహ్నం ఫోన్ రాకపోయి ఉంటే ఇవాళ కూడా పాత పొద్దునే అయ్యేది. ఫోన్ చేసింది కోరిన్, వెండెల్ కూతురు, ఐడహోలో నాంపా నుంచి. రెండేళ్ళ క్రితం ఒకసారి వచ్చి వెళ్ళింది, మంచి పిల్ల, గడ్డం తీరు అచ్చం తండ్రిదే. "ఆర్డిస్ గారూ, నాన్న సంగతి మిమ్మల్నే అడగాలి. ఫోన్‌లో ఒకే మాట మూడుసార్లు చెబుతున్నాడు. క్రిస్మస్‌కి నా కొడుకు పేరు తడుముకున్నాడు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే రాడు. మీరు రోజూ చూస్తారు కదా. ఒక్కటే అడుగుతున్నా, ఆ గ్యాసూ అవీ తను చూసుకోగలడా? చూసుకోలేడంటే నేను శనివారం వచ్చి తీసుకొచ్చేస్తా. నిజం చెప్పండి." ఆర్డిస్ నిజం చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. "రేపు పొద్దున చెయ్యమ్మా, చెబుతాను," అంది. "ఏడుంబావుకి చేస్తా, పనికెళ్ళేముందు," అంది కోరిన్. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వాగు వైపు చూస్తూ కూర్చుంది. మొన్న అతను చక్కెర డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టాడు. డిసెంబరులో ఒకరోజు తన ట్రెయిలర్‌కి బదులు కర్టిస్ ట్రెయిలర్ తలుపు లాగాడు. అవన్నీ ఆమె చూసింది. చూసి, నవ్వేసి, పక్కన పెట్టేసింది. ముసలితనంలో ఎవరు మరిచిపోరు? పంపులు బాగుచేసిన చేతులు, రెండు ఆవుల పాఠం చెప్పే నోరు, అవి ఎక్కడికి పోతాయి? ఈ సిలిండర్ అయిపోయినప్పుడు అతను వచ్చి ఎప్పట్లాగే బాణం తిప్పితే, కోరిన్‌కి ధైర్యంగా చెప్పొచ్చు, మీ నాన్న నిక్షేపంగా ఉన్నాడని. అందుకే నిన్న వేడినీళ్ళు పోసి చూసుకుంది. పరీక్ష పెడుతున్నానని తనకి తాను ఒప్పుకోలేదు కానీ పెట్టింది.

ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. ఆర్డిస్ దుప్పట్లు తోసేసి లేచింది, కోటు తొడుక్కుంది, ఫోన్ జేబులో వేసుకుంది, అద్దం వైపు వెళ్ళబోయి మానేసింది. తలుపు తీస్తే చలి మొహం మీద చరిచింది. వెండెల్ మెట్టు కింద నిలబడి ఉన్నాడు, టోపీ చెవులదాకా లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకుని.

"ఏం డకోటా, బతికున్నావా, గడ్డకట్టావా?"

"హీటర్ పోయింది, బంగాళదుంపా."

"మళ్ళీనా! నీకు ఈ జన్మలో రాదు. పద, పద."

ఆ మాటకి ఆమె గుండె తేలికపడింది. నడిచిన పది అడుగులూ తేలిగ్గానే నడిచింది. అతను మూత కొక్కేలు తీశాడు, మూత ఎత్తి పక్కన పెట్టాడు. తెల్లటి సిలిండర్లు రెండు, మధ్యలో రెగ్యులేటర్, నల్ల గొట్టాలు అటొకటి ఇటొకటి. అతను చేతులు నడుం మీద పెట్టుకుని వాటిని చూశాడు. తూర్పున కొండ అంచు వెలుగుతో అంటుకుంటోంది. అతను చూస్తూనే ఉన్నాడు. వంగలేదు.

"రెండెందుకున్నాయి?" అన్నాడు.

వేళాకోళం అనుకుంది. నవ్వడానికి నోరు తెరిచి అతని కళ్ళు చూసింది. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడి కళ్ళలా ఉన్నాయి. "ఆవుల సంగతి చెబుతావు కదా," అంది మెల్లగా. "ఏ ఆవులు?" అన్నాడు. అన్నాక, ఏదో చెప్పకూడనిది బయటపడిందని అతనికే తెలిసింది. పెదవులు బిగించి, సిలిండర్ల మీద అక్కర్లేని దుమ్ము చేత్తో దులిపాడు. ఆ దులపడం చూడలేకపోయింది ఆర్డిస్. ఆ నిమిషంలో ఆమెకి వచ్చిన ఆలోచన ఒకటే, ఇతనికి తెలియకూడదు, ఇతనికి రాలేదని ఇతనికి తెలియకూడదు. ఏడేళ్ళ నటన ఇందుకోసమేనేమో అన్నట్టు, మొద్దు బుర్ర మనిషిలా పక్కన వంగుంది.

"వెండెల్, ఈ బాణం ఎడమకుందేం?"

"ఎడమకుంటే..." అతను వంగాడు, మోకాలు మూలిగింది. "ఎడమది వాడుతున్నావన్నమాట."

"ఓహో. అయితే ఇప్పుడు అయిపోయింది ఎడమదేనంటావా?"

"మరింకేమిటి! ఎర్రగా కనబడట్లేదూ?" గొంతులో పాత బడాయి కొంచెం తిరిగొచ్చింది. అది వినడానికి ఆమె ఇంకో నూరు ప్రశ్నలు అడిగేది. "మరి కుడిది మూసుందేమో చూడు. మెల్లగా తెరవాలంటావు కదా ఎప్పుడూ?" అతను కుడి చక్రం పట్టుకున్నాడు, ఒక్క క్షణం ఎటూ తిప్పకుండా ఆగాడు, తర్వాత సరైన వైపుకే తిప్పాడు, మెల్లగా, చేతులకి గుర్తుంది. సిలిండర్ లోపల గ్యాస్ కదిలిన సన్నటి నిట్టూర్పు వినబడింది. ఇంక బాణం ఒక్కటే. బాణం కుడికి తిప్పితే చాలు, గాజుబిళ్ళ ఆకుపచ్చగా మారుతుంది, ఏడుంబావుకి ఫోన్ వస్తుంది, ఆమె చెప్పాల్సింది చెబుతుంది. అతని చేయి పైకి లేచింది. రెగ్యులేటర్ దాటి పక్కకి పోయింది. కుడి సిలిండర్‌కి గొట్టాన్ని బిగించే ప్లాస్టిక్ మరని పట్టుకుని గట్టిగా విప్పడం మొదలుపెట్టాడు.

బుస్సుమంది. తెల్లటి ఆవిరి అతని వేళ్ళ మధ్య నుంచి చిమ్మింది. అతను చేయి తియ్యలేదు, బిత్తరపోయి ఇంకా తిప్పుతున్నాడు. ఆర్డిస్ ఆలోచించలేదు. ఆలోచించేది ఆమె కాదు, ఆమె చేతులు. ఎడమచేత్తో అతని మణికట్టుని కొట్టి పక్కకి తోసింది, కుడిచేత్తో చక్రాన్ని ఒక్క ఊపున బిగించింది, గొంతెత్తి, "వెనక్కి జరుగు! గాలి వచ్చే వైపుకి! చేయి చూపించు, చేయి!" అని అరిచింది. అది పొలం ఇళ్ళ ముందు హార్లాన్ అరిచే అరుపు. బుస ఆగింది. వాసన మాత్రం చుట్టూ నిలబడింది, పాతది, చలికాలపు ఇంటి వాసన, మెడ వెనక జుట్టు వాసన. ఒక గుక్క అదంతా ఆమె లోపలికి పీల్చుకుంది, పీల్చుకోకుండా ఉండలేకపోయింది. తర్వాత మర మళ్ళీ బిగించి, వెండెల్ వేళ్ళు దగ్గరికి లాక్కుని చూసింది. ఎర్రబడ్డాయంతే, కాలలేదు. అతను వేళ్ళని చూడట్లేదు. చక్రం మీద ఆమె చేయి ఆడిన తీరు చూశాడు, ఇంకా అక్కడే చూస్తున్నాడు. నలభై ఏళ్ళు మరలతో బతికినవాడికి పనితెలిసిన చేయి ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు.

"నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నీకంటే ముందు నుంచి. మా ఆయన నడిపింది గ్యాస్ లారీ, వెండెల్. ముప్పై ఒక్క ఏళ్ళు. పేరు హార్లాన్."

కోపగించుకుంటాడని ఎదురుచూసింది. అతను ట్రెయిలర్ ముందు ఇనుప కడ్డీ మీద కూర్చుండిపోయాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఏడేళ్ళు నాతో వాగించావా డకోటా," అన్నాడు, నవ్వుతో మొదలైన గొంతు మధ్యలో విరిగింది. "నాకు... పోతోంది, ఆర్డిస్. ఒక్కొక్కటే పోతోంది. పొద్దున లేచి, ఏం పోయిందో చూసుకుంటున్నా." ఆమె అతని పక్కన కూర్చుంది. ఇనుము చలి కోటు దాటి తొడలకి తగిలింది. కొండ మీద వెలుగు పెరిగింది. ఎవరిదో జనరేటర్ మొదలైంది, ఆరయిందన్నమాట. అలా కూర్చున్నప్పుడే అతను, వాగు అవతలికి చూపిస్తూ, చిన్నపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు, "మా హీటర్ కూడా ఒకసారి చూస్తావా?" అన్నాడు.

తన చక్రం మళ్ళీ తెరవడం, బాణం కుడికి తిప్పడం కూడా మరిచిపోయి అతని వెంట వాగు దాటింది. అతని ట్రెయిలర్ ముందు మూత ఎత్తి చూస్తే రెండు చక్రాలూ గట్టిగా బిగించి ఉన్నాయి, రెండు సిలిండర్లూ నిండుగా ఉన్నాయి. గ్యాస్ బండివాడు వచ్చి నింపి వెళ్ళింది రెండువారాల క్రితం బుధవారం, ఆమెకి గుర్తుంది. "ఒకరోజు వాసన వచ్చింది," అన్నాడు వెనక నుంచి. "ఎటు తిప్పితే మూతపడుతుందో తెలియలేదు. రెండు వైపులా తిప్పి చూశా, ఆగింది. ఇంక తెరవడానికి భయమేసింది. తెరిస్తే పేలి, కర్టిస్ వాళ్ళూ నువ్వూ... పదకొండు రోజులు, డకోటా. లెక్క మాత్రం మరిచిపోలేదు." తలుపు తీసి లోపలికి వెళితే బయటికంటే లోపలే చలిగా ఉంది. మంచం మీద నాలుగు దుప్పట్లు, వాటి మీద కాన్వాసు గుడ్డ, గిన్నెలో వేడిచేయని బీన్స్, మూత తెరిచిన వేరుశెనగ వెన్న డబ్బా, చెంచా అందులోనే. ఫ్రిజ్ కూడా గ్యాస్ మీద నడిచేదే, తెరిస్తే పాలు విరిగిన వాసన. ఆర్డిస్ ఆ చలిలో నిలబడి, పదకొండు పొద్దులని ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగి చూసుకుంది. ఆరు కాకముందే వచ్చిన అడుగులు. విప్పని కోటు. కప్పుని పొదివి పట్టుకున్న రెండు చేతులు. అది తన కోసం అనుకుంది. అద్దంలో జుట్టు సరిచేసుకుంది. ఇక్కడ మనిషి చలికి కొయ్యబారుతుంటే, తను అతనికి పెట్టడానికి పెనం మీద పాన్‌కేకులు తిప్పుతూ లోపల్లోపల పద్దెనిమిదేళ్ళ పిల్లలా మురిసిపోయింది. సిగ్గుతో ఆమె మొహం మండింది. బయటికెళ్ళి ఒక చక్రం మెల్లగా తెరిచి, బాణం అటు పెట్టి, మరల చుట్టూ సబ్బునీళ్ళు పూసి బుడగ రాలేదని చూసుకుని లోపలికొచ్చింది. ముందు పొయ్యి వెలిగించి గొట్టాల్లో గాలి పోయేదాకా ఆగింది. తర్వాత హీటర్ మీట నొక్కింది. టిక్కు, టిక్కు, భుగ్గుమంది. నేల దగ్గర జల్లెడ రేకులోంచి వెచ్చటి గాలి పాదాల మీదకి వచ్చింది.

వెండెల్ ఆ రేకు ముందు నేల మీదే చతికిలబడి చేతులు చాపాడు. వేళ్ళలోకి వేడి ఎక్కేదాకా ఆగాడు. తర్వాత తల తిప్పకుండానే, "చలికోసం వచ్చాననుకుంటున్నావు కదూ," అన్నాడు.

ఆమె మంచం మీది కాన్వాసు గుడ్డ తీసి మడిచింది.

"చలికోసమైతే కర్టిస్‌ది ముప్పై అడుగుల దూరం. కట్టెల పొయ్యి కూడా ఉంది వాడికి. రోజూ రమ్మంటాడు." చేతులు రుద్దుకున్నాడు. "వాగు దాటి రావాలంటే నాకు ఈ మోకాలితో పావుగంట పడుతుంది."

ఆర్డిస్ మంచం అంచున కూర్చుంది. మడిచిన గుడ్డ పక్కన పెట్టింది. ఎంత కాలమైంది ఒకరు తన కోసం పావుగంట నడిచానని చెప్పి! ముందుకి వంగి అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది, ఏడేళ్ళలో మొదటిసారి, సిలిండరూ రెగ్యులేటరూ ఏదీ మధ్యలో లేకుండా. గరుకుగా, చల్లగా, బరువుగా ఉన్నాయి. ఈ చేతులు తనని మరిచిపోయే రోజు ఒకటి వస్తుంది. అది ఈ ఏడో వచ్చే ఏడో ఆమెకి తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆ రోజు ఎక్కడో ఐడహోలో తను లేనప్పుడు రావడం తనకి ఇష్టం లేదు. అందరూ ఇళ్ళకి మళ్ళే మార్చిదాకా తనే చూసుకుంటానని కోరిన్‌తో చెప్పొచ్చు, అతని సిలిండర్లూ తన సిలిండర్లూ. కానీ రాత్రిపూట ఏం చేస్తుంది? వాగు అవతల అతను లేచి ఏ మర విప్పుతాడో ఎవరు చూస్తారు? హార్లాన్ అయితే ఏమనేవాడో ఆమెకి తెలుసు. పసిబిడ్డ ఉన్న ఇంటికి ముందు, అనేవాడు. అబద్ధం చెప్పి ఒక మనిషిని నాలుగు వారాలు దగ్గర ఉంచుకోవడం ఎవరికి మేలు? జేబులో ఫోన్ మోగింది. ఇద్దరూ అటు చూశారు. తెర మీద కోరిన్ పేరు.

"నువ్వే మాట్లాడు," అన్నాడు వెండెల్. "ఉన్నదే చెప్పు."

చెప్పింది. అతని చేయి వదలకుండానే చెప్పింది, మెత్తగా చేయకుండా, హార్లాన్ చెప్పినట్టు. "విను కోరిన్. మీ నాన్న నా ఎదురుగానే ఉన్నాడు, వింటున్నాడు. గ్యాస్ సంగతి ఇక ఆయన వల్ల కాదు. పదకొండు రోజులు హీటర్ లేకుండా పడుకున్నాడు, నేను పక్కనే ఉండి కనిపెట్టలేదు, ఆ తప్పు నాది. ఒంటరిగా ఉండనివ్వకూడదమ్మా. శనివారం రా. తీసుకెళ్ళు." అవతల కోరిన్ ఏడ్చింది. మీరు కాబట్టి చెప్పారు, మీ రుణం తీర్చుకోలేనంది. ఆర్డిస్ ఆ మాటలు అయ్యేదాకా ఆగింది. వెండెల్ చేయి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇంకొకటి అడగాలి. మీ ఇంటి దగ్గర ట్రెయిలర్ పెట్టుకునే చోటుందా?"

"నాన్నదా? అది అక్కడే అమ్మేద్దామనుకుంటున్నామండీ."

"మీ నాన్నది కాదు. నాది. ఇరవై రెండడుగులు. కరెంటు లేకపోయినా ఫర్వాలేదు, నీళ్ళు లేకపోయినా ఫర్వాలేదు. నా తిండి నేను వండుకుంటాను, మీ నాన్నకీ వండుతాను."

ఫోన్‌లో ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో ఆర్డిస్‌కి తను అడిగిందేమిటో పూర్తిగా వినబడింది, వెనక్కి తీసుకుందామా అనిపించింది, తీసుకోలేదు. కింద కూర్చున్న వెండెల్, ఆమె పట్టుకున్న తన చేతి వైపే చూస్తూ, ఎవరో ఏ పంపు ఎక్కడుందని అడిగితే చెప్పినంత మామూలుగా, "గరాజ్‌కి ఉత్తరాన," అన్నాడు. "నేనే కంకర పోయించా. నాలుగంగుళాల మందం. ఎంత బండైనా ఆగుతుంది."

కోరిన్ ఆ మాట విన్నట్టుంది. ముక్కు ఎగబీల్చింది. "అవునండీ, ఉంది," అంది. "కానీ ఆర్డిస్ గారూ, ఇప్పుడక్కడ మోకాలి లోతు మంచుంది, ఎత్తేవాళ్ళెవరూ లేరు."

"పార నేను తెచ్చుకుంటానమ్మా," అంది ఆర్డిస్.